మీటర్ లీన్ అంటోంది, ప్లగ్గులు రిచ్ అంటున్నాయి: ఒక 1.6 లీటర్ ఇంజిన్ ట్యూనింగ్ కేసు

కారు నా దగ్గరికి వచ్చినప్పుడు ఇంజిన్ ఐడిల్‌లో తిరుగుతోంది. డాష్‌బోర్డు మీద వైడ్‌బ్యాండ్ మీటర్, అంటే సైలెన్సర్ పొగను బట్టి గాలి, పెట్రోల్ నిష్పత్తి చెప్పేది, 16.4 చూపిస్తోంది. అంటే లీన్: గాలి ఎక్కువ, పెట్రోల్ తక్కువ. రిచ్ అంటే దీనికి తలకిందులు. వెనక్కి వెళ్లి సైలెన్సర్ దగ్గర నిలబడితే మాత్రం పచ్చి పెట్రోల్ వాసనకు కళ్లు మండాయి.

బండిది టర్బో లేని 1.6 లీటర్ ఇంజిన్. నాలుగు సిలిండర్లు, పదహారు వాల్వులు. ఎక్కువ డ్యూరేషన్ ఉన్న (వాల్వులను ఎక్కువసేపు తెరిచి ఉంచే) క్యామ్‌షాఫ్టులు, పొగ బయటికి పోయే నాలుగు పైపులు ఒకచోట కలిసే హెడర్, ప్రోగ్రామ్ చేసుకోగల ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) తర్వాత వేయించుకున్నవి. గాలి లెక్కకు ఎయిర్ ఫ్లో మీటర్ లేదు. ఆర్‌పీఎం, మ్యానిఫోల్డ్ (ఇంజిన్‌లోకి గాలి వెళ్లే గొట్టాలు) ప్రెషర్, గాలి ఉష్ణోగ్రత చూసి ఫ్యూయల్ టేబుల్‌లోని వీఈ అంకెతో (సిలిండర్ గాలితో ఎంత శాతం నిండుతుందో చెప్పేది) ఈసీయూనే లెక్క కడుతుంది. ఇంజెక్టర్లు 3 బార్ దగ్గర నిమిషానికి 280 సీసీవి. వైడ్‌బ్యాండ్ మీటర్ సెన్సర్ బాష్ ఎల్‌ఎస్‌యూ 4.9, నాలుగు పైపులు కలిసిన తర్వాత బిగించారు.

ఓనర్ చెప్పిన బాధలు నాలుగు. ఐడిల్ ఊగుతోంది. యాక్సిలరేటర్ వదిలి మళ్లీ తొక్కితే తడబడుతోంది. మైలేజ్ బాగా పడిపోయింది. 5,500 దాటాక లాగడం లేదు. అంతకుముందు ఇంకొకరి దగ్గర మూడు వారాలు ట్యూనింగ్ జరిగింది. అక్కడ జరిగింది ఒక్కటే: మీటర్ లీన్ అన్న ప్రతి చోటా పెట్రోల్ పెంచుకుంటూ పోయారు.

నేను ముందు పెట్రోల్ తగ్గించాల్సి రావచ్చు అనేసరికి అతను కంగారుపడ్డాడు. "అన్నా, మీటరే లీన్ అంటోంది కదా. ఇంకా తగ్గిస్తే ఇంజిన్ పోదా?" అన్నాడు. ఆ టెన్షన్‌లో న్యాయం ఉంది. ఫుల్ లోడ్‌లో లీన్ అయితే పిస్టన్లు కరిగిపోతాయని అందరూ విన్నదే. "మీటర్ చెప్పేది నిజమో కాదో తేలేదాకా ల్యాప్‌టాప్ తెరవను తమ్ముడూ," అన్నాను.

లీన్ మిస్‌ఫైర్ అయినా కాలని పెట్రోల్ బయటికొచ్చి కళ్లు మండుతాయి. కాబట్టి వాసన ఒక్కదాన్ని నమ్మి తీర్పు చెప్పలేం. నాలుగు ప్లగ్గులూ విప్పాను. నాలుగింటి మీదా ఎండు మసి, వేలితో రాస్తే నల్లగా అంటుకునేంత. లీన్‌గా నడిచిన ఇంజిన్ ప్లగ్గుకు ఇంత మసి పట్టదు.

మీటర్ అసలు దేన్ని చూస్తుంది

ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే ఈ కేసులో తప్పులన్నీ ఇది తెలియకపోవడం వల్లే వచ్చాయి.

1976లో వోల్వో కార్లలో మొదటిసారి వచ్చిన బాష్ ల్యాంబ్డా సెన్సర్ న్యారోబ్యాండ్ రకం. అది చెప్పేది రిచ్చా లీనా అన్నంత వరకే. 0.45 వోల్టుల దగ్గర అటో ఇటో దూకుతుంది. ఎంత రిచ్, ఎంత లీన్ అన్నది దాన్ని అడిగి లాభం లేదు. వైడ్‌బ్యాండ్‌లో ఒక చిన్న గది ఉంటుంది. సైలెన్సర్ పొగ సన్నటి దారిలో అందులోకి వస్తుంది. ఆ గదిలో ఆక్సిజన్ మిగిలి ఉంటే పంప్ సెల్ దాన్ని బయటికి తోస్తుంది. కాలకుండా మిగిలిన ఇంధనం ఉంటే దాన్ని కాల్చడానికి సరిపడా ఆక్సిజన్‌ను లోపలికి తెస్తుంది. గదిని ఎప్పుడూ ఒకే స్థితిలో ఉంచడానికి ఎంత కరెంటు పంపాల్సి వచ్చిందో, అదే రీడింగ్. ఈ పని జరగాలంటే సెన్సర్ దాదాపు 780 డిగ్రీల సెల్సియస్ వేడిలో ఉండాలి. అందుకే లోపల హీటర్ ఉంటుంది.

అంటే మీటర్‌కు ఇంజెక్టర్ ఎంత పోసిందో తెలియదు. సైలెన్సర్‌లో మిగిలిన ఆక్సిజన్ మాత్రమే తెలుసు. ఆ ఆక్సిజన్ సిలిండర్‌లో కాలకుండా మిగిలిందా, పగిలిన గాస్కెట్ సందులోంచి దూరిందా, ఒక ప్లగ్గు స్పార్క్ ఇవ్వకపోతే అలాగే బయటికొచ్చిందా అనేది అది చెప్పదు. దాన్ని తేల్చాల్సింది మనమే.

ఇంకో మాట. మీటర్ మీద 14.7 కనిపిస్తే అది నిజంగా 14.7 పాళ్ల గాలి అని కాదు. సెన్సర్ కొలిచేది ల్యాంబ్డా: సరైన నిష్పత్తి దగ్గర అది 1, అంతకంటే తగ్గితే రిచ్, పెరిగితే లీన్. ల్యాంబ్డా 1ని 14.7తో గుణించి మీటర్ చూపిస్తుంది. పది శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్‌కు సరైన నిష్పత్తి 14.1 దగ్గర ఉంటుంది, అయినా మీటర్ 14.7 అనే చూపిస్తుంది. అందుకే నేను టార్గెట్లన్నీ ల్యాంబ్డాలోనే రాసుకుంటాను. ఈ బండికి కూడా మొదట చేసిన సెట్టింగ్ అదే.

గాస్కెట్ దగ్గర బుడగలు

సెన్సర్ విప్పి బయటి గాలిలో పట్టుకుని చూశాను. ఆక్సిజన్ 20.9 శాతం దగ్గర చూపించింది. సెన్సర్ బాగానే ఉంది. కనెక్టర్ ఎవరూ కోయలేదు, అది సంతోషం. ఎల్‌ఎస్‌యూ సెన్సర్ కనెక్టర్‌లోనే ఫ్యాక్టరీలో ఆ సెన్సర్ కోసం సరిచేసిన రెసిస్టర్ ఉంటుంది. అది కోసేసి వైర్లు ముడేస్తే ఆ తర్వాత వచ్చే ప్రతి రీడింగూ అనుమానమే.

తర్వాత లీక్ టెస్ట్. ఇంజిన్ చల్లారాక వ్యాక్యూమ్ క్లీనర్‌ను గాలి ఊదేవైపు పెట్టి సైలెన్సర్ గొట్టంలోకి ఊదించాను. హెడర్ జాయింట్లన్నిటి మీదా సబ్బునీళ్లు కొట్టాను. ఒకటో సిలిండర్ దగ్గర ఏమీ లేదు. రెండో దగ్గరా లేదు. మూడో సిలిండర్ ఫ్లాంజ్ అడుగున, టార్చి వేసి అద్దం పెట్టి చూస్తే తప్ప కనపడని చోట, సన్నటి బుడగలు ఒకదాని వెంట ఒకటి ఉబ్బుతున్నాయి. ఫ్లాంజ్ విప్పితే గాస్కెట్ మీద వెంట్రుకంత నల్లగీత, లోపలి అంచు నుంచి బయటి అంచు దాకా.

లీక్ అంటే పొగ బయటికి పోవడమే కదా, లోపలికి గాలి ఎలా వస్తుంది అని చాలామంది అడుగుతారు. సైలెన్సర్‌లో ప్రెషర్ నిలకడగా ఉండదు. ప్రతి సిలిండర్ పొగ వదిలినప్పుడు ఒక పోటు, దాని వెనకే ఒక పీల్పు. ఆ పీల్పులో సందులోంచి గాలి దూరుతుంది. ఐడిల్‌లో పొగ తక్కువ కాబట్టి ఆ కాస్త గాలే పెద్ద వాటా అవుతుంది. ఫుల్ లోడ్‌లో పొగ వరదలా వస్తుంది, అప్పుడు దూరిన గాలి లెక్కలోకి రాదు. ఐడిల్‌లో బాగా లీన్, లోడ్ పెరిగేకొద్దీ మామూలు అనే తీరు కనిపిస్తే టేబుల్ కంటే ముందు గాస్కెట్లను అనుమానించండి.

ఫ్లాంజ్ సమం చేసి కొత్త గాస్కెట్ వేసి మళ్లీ స్టార్ట్ చేశాం. టేబుల్‌లో ఒక్క అంకె కూడా మార్చలేదు. మీటర్ 11.6 చూపించింది. ల్యాంబ్డాలో 0.79. ఓనర్ మీటర్ వంక, నా వంక మార్చి మార్చి చూశాడు. మూడు వారాలుగా లేని లీన్‌ను సరిచేయడానికి పోసిన పెట్రోల్ అంతా ఆ అంకెలో ఉంది.

ఎర్త్ వైరు

మీటర్ మీద 12.6 ఉన్నప్పుడు ల్యాప్‌టాప్ లాగ్‌లో 12.9 వస్తోంది. ఒకే సెన్సర్, రెండు అంకెలు. ఈ మీటర్ తన రీడింగ్‌ను వోల్టేజ్‌గా మార్చి ఈసీయూకి పంపుతుంది: 0 వోల్టులంటే 10, 5 వోల్టులంటే 20. అంటే 0.1 వోల్టు తేడా వస్తే రీడింగ్ 0.2 మారిపోతుంది.

మల్టీమీటర్ ఒక కొసను మీటర్ ఎర్త్ మీద, రెండో కొసను ఈసీయూ సెన్సర్ ఎర్త్ మీద పెట్టి హెడ్‌లైట్లు, రేడియేటర్ ఫ్యాన్ వేయించాను. 0.14 వోల్టులు. మీటర్ ఎర్త్‌ను డాష్‌బోర్డు వెనక, పెయింట్ సరిగ్గా గీకని ఒక స్క్రూకి కట్టారు. సెన్సర్ హీటర్ కరెంటు కూడా ఆ దారినే పోతోంది. ఈసీయూకి మాత్రం బండి ఎప్పుడూ కాస్త లీన్‌గా కనిపిస్తోంది, దానికి తగ్గట్టు అది ఇంకాస్త పోస్తోంది. హీటర్ ఎర్త్‌ను ఇంజిన్ బ్లాక్ మీద ఈసీయూ ఎర్త్ ఉన్న బోల్టుకే తెచ్చాను. సిగ్నల్ ఎర్త్‌ను ఈసీయూ సెన్సర్ ఎర్త్‌కు కలిపాను. తేడా పోయింది. అరగంట పని.

ఈ తేడా ఉంచుకుని ట్యూన్ చేస్తే ఫ్యాన్ తిరిగినప్పుడు ఒక టేబుల్, తిరగనప్పుడు ఇంకో టేబుల్ కావాల్సి వస్తుంది.

టేబుల్ మొదలుపెట్టాక

ఇప్పుడు టేబుల్ మార్చడానికి ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాను. ముందు క్లోజ్డ్ లూప్ కరెక్షన్ ఆపేశాను. అది నడుస్తుంటే ఈసీయూ తనంతట తానే సర్దేస్తూ ఉంటుంది, టేబుల్‌లోని తప్పు మనకు కనపడదు. యాక్సిలరేషన్ ఎన్‌రిచ్‌మెంట్ (యాక్సిలరేటర్ తొక్కగానే అదనంగా పోసే పెట్రోల్) చివరికి వదిలేశాను. కూలెంట్ 80 డిగ్రీలు దాటాక మాత్రమే రీడింగ్.

లెక్క చిన్నదే. కొత్త వీఈ = పాత వీఈ × కొలిచిన ల్యాంబ్డా ÷ కావాల్సిన ల్యాంబ్డా. ఉదాహరణకు 3,000 ఆర్‌పీఎం, 60 కిలోపాస్కల్ గడిలో 58 ఉంది. కావాల్సింది 1.00, కొలిచింది 0.91. 58 × 0.91 = 52.8. అంతే. కానీ ఆ గడిలో ఇంజిన్ కనీసం రెండు మూడు సెకన్లు నిలకడగా ఉండాలి. పొగ వాల్వు దగ్గర బయల్దేరి సెన్సర్‌ను చేరడానికి, సెన్సర్ స్పందించడానికి సమయం పడుతుంది. ఐడిల్‌లో అది కొన్ని వందల మిల్లీసెకన్లు, ఎక్కువ ఆర్‌పీఎంలో చాలా తక్కువ. గడి దాటి పోయాక వచ్చిన రీడింగ్‌ను కొత్త గడి ఖాతాలో రాసేస్తే రెండు గడులూ చెడిపోతాయి. డైనోలో (బండిని నిలబెట్టి ఇంజిన్‌కు లోడ్ ఇచ్చే యంత్రం) లోడ్ పట్టి ఉంచితే ఈ బాధ ఉండదు. నేను ఒక్కో గడినీ డైనో మీదే పూర్తి చేశాను.

పాత టేబుల్‌లో ఒక వింత కనిపించింది. 2,500 నుంచి 4,000 ఆర్‌పీఎం మధ్య, 30 కిలోపాస్కల్ వరుసలో వీఈ 71 దాకా ఉంది. దాని పైవరుసలో, 45 దగ్గర, 52 మాత్రమే. తక్కువ ప్రెషర్‌లో సిలిండర్ ఎక్కువ నిండటం ఏమిటి? పాత లాగ్ తీసి చూస్తే అర్థమైంది. యాక్సిలరేటర్ పూర్తిగా వదిలినప్పుడు ఈసీయూ ఇంజెక్టర్లను ఆపేస్తుంది. సైలెన్సర్‌లో ఉత్త గాలే వస్తుంది కాబట్టి మీటర్ లీన్ చివరకు వెళ్లి నిలుస్తుంది. ఆటో ట్యూన్ (మీటర్ రీడింగ్ చూసి టేబుల్‌ను తనంతట తానే మార్చే సాఫ్ట్‌వేర్) దాన్ని నిజమైన లీన్ అనుకుని వచ్చిన ప్రతిసారీ ఆ గడుల్లో పెట్రోల్ పెంచింది. వదిలి మళ్లీ తొక్కినప్పుడు ఇంజిన్ ఆ గడుల మీదుగానే పైకి రావాలి. ఓనర్ చెప్పిన తడబాటు అదే. ఆటో ట్యూన్ మంచి పనిముట్టే. కానీ ఫ్యూయల్ కట్ సమయాన్ని, చల్లటి ఇంజిన్‌ను, యాక్సిలరేటర్ వేగంగా కదిలిన క్షణాలను ఫిల్టర్ చేయకుండా దాన్ని వదిలితే ఇలాగే చేస్తుంది. ఆ వరుస 43 దగ్గరికి దిగింది, తడబాటు చాలావరకు అక్కడే పోయింది.

ఐడిల్‌లో నేను అంకె కోసం పట్టుబట్టలేదు. పెద్ద క్యామ్‌లలో రెండు వాల్వులూ కలిసి తెరిచి ఉండే సమయం ఎక్కువ. కాలిన పొగ వెనక్కి వచ్చి కలుస్తుంది. ల్యాంబ్డా 1.00 దగ్గర పెడితే ఇంజిన్ వణికింది. అప్పుడప్పుడు ఒక సిలిండర్ మండటం మానేస్తోంది, మీటర్ 0.98కీ 1.08కీ మధ్య ఎగిరింది. 0.94 దగ్గర నిలబడింది. నేను చూసింది మ్యానిఫోల్డ్ ప్రెషర్‌ను: వచ్చినప్పుడు 58 ఉన్నది 47 కిలోపాస్కల్‌కు దిగి కదలకుండా ఉంది. అదే నాకు కావాల్సిన గుర్తు. క్రూజ్‌లో (నిలకడ వేగంలో) 1.00, ఫుల్ లోడ్‌కు 0.88 టార్గెట్ పెట్టాను.

6,400 దగ్గర 0.95

ఫుల్ లోడ్ మొదటి పుల్‌లో (యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి ఆర్‌పీఎం పైదాకా లాగడం) 4,500 దగ్గర 0.88. బాగుంది. 5,500కి 0.90. 6,000కి 0.92. 6,400కి 0.95. రెండో పుల్‌లో అదే చోట 0.97 వచ్చింది, కాలు తీసేశాను.

ఈసారి గాస్కెట్ లేదు, ఎర్త్ లేదు. మీటర్ నిజమే చెబుతోంది. ఇక పెట్రోల్ పెంచడమేనా? టేబుల్ వంక చూస్తే అక్కడ ముందే 101 ఉంది. టార్క్ పీక్ (ఇంజిన్ లాగుడు అన్నిటికంటే ఎక్కువ ఉండే చోటు) 5,200 దగ్గర 94. టార్క్ పీక్ దాటాక సిలిండర్ నిండటం తగ్గాలి, ఈ టేబుల్‌లో పెరుగుతోంది. 101 ఉండి కూడా లీన్ అంటే, ఈసీయూ అడిగినంత పెట్రోల్ ఇంజెక్టర్ల దాకా రావడం లేదు. పైగా రెండో పుల్‌లో ఇంకా దిగజారింది.

ఫ్యూయల్ రైల్‌కు (ఇంజెక్టర్లకు పెట్రోల్ పంచే గొట్టం) ప్రెషర్ సెన్సర్ కట్టి లాగ్ తీశాను. ఐడిల్‌లో బాగానే ఉంది. పుల్‌లో 5,000 దాటాక వాలడం మొదలై 6,400కి 3 బార్ ఉండాల్సిన తేడా ప్రెషర్ (రైల్‌కూ మ్యానిఫోల్డ్‌కూ మధ్య తేడా) 2.1కి దిగింది. ఇంజెక్టర్ ప్రవాహం ప్రెషర్ వర్గమూలాన్ని బట్టి ఉంటుంది. 2.1ని 3తో భాగిస్తే 0.7, దాని వర్గమూలం 0.837. అంటే పదహారు శాతం పెట్రోల్ మాయం.

పంప్ దగ్గర వోల్టేజ్ చూస్తే లోడ్‌లో 10.9. బ్యాటరీ దగ్గర 13.9. మూడు వోల్టులు దారిలో ఎక్కడో పోతున్నాయి. వెనక సీటు ఎత్తి పంప్ కనెక్టర్ విప్పాను. ప్లస్ పిన్ చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగి మెత్తబడి ఉంది, పిన్ నల్లబారింది. అసలు వైరు సన్నది, పంప్ తర్వాత మార్చిన పెద్దది. వేడెక్కినకొద్దీ ఆ జాయింట్ రెసిస్టెన్స్ పెరుగుతోంది, రెండో పుల్ మొదటిదానికంటే లీన్ కావడానికి కారణం అదే. కొత్త కనెక్టర్, లావుపాటి వైరు, బ్యాటరీ నుంచి ఫ్యూజ్‌తో నేరుగా రిలే. పంప్ దగ్గర 13.4 వచ్చింది, పుల్ అంతటా ప్రెషర్ కదల్లేదు.

అదే టేబుల్‌తో మళ్లీ పుల్ చేస్తే 6,400 దగ్గర 0.80. 101 × 0.80 ÷ 0.88 = 92. ఆ గడిలో ఇప్పుడు 92 ఉంది. 5,200లో 94, తర్వాత మెల్లగా కిందికి. టేబుల్‌కు ఇంజిన్ పోలిక వచ్చింది.

ఇక్కడ ఒక్క విషయం గట్టిగా చెప్పాలని ఉంది. 0.95 చూసి ఆ గడిని 109కి పెంచి ఉంటే మీటర్ 0.88 చూపించేది, ఓనర్ సంతోషంగా వెళ్లేవాడు. కనెక్టర్ అలాగే కాలుతూ ఉండేది. ఏదో ఒక రోజు ఫుల్ లోడ్‌లో ప్రెషర్ ఇంకాస్త పడిపోయి పిస్టన్ పోయేది.

సగటు వెనక దాగిన సిలిండర్

ఫుల్ లోడ్‌లో 0.87 నుంచి 0.89 మధ్య నిలబడ్డాక కూడా పని అయిపోయిందనుకోలేదు. సెన్సర్ ఉన్నది నాలుగు పైపులు కలిసిన చోట. అది చూసేది నాలుగు సిలిండర్ల సగటు. కొత్త ప్లగ్గులు వేసి, ఒక ఫుల్ లోడ్ పుల్ చివర్లో ఇంజిన్ ఆపేసి, నాలుగూ విప్పి వరసగా పెట్టాను. మూడు లేత గోధుమరంగులో ఉన్నాయి. రెండో సిలిండర్‌ది తెల్లబారింది.

ఇంజెక్టర్లు తీసి 3 బార్ దగ్గర పదిహేను సెకన్ల పాటు కొలగొట్టాల్లోకి పోయించాను. నిమిషానికి 280 సీసీ అంటే 70 మిల్లీలీటర్లు రావాలి. మూడింటిలో 70, 70, 69. రెండోదానిలో 64. అల్ట్రాసోనిక్ క్లీనింగ్ చేసి లోపలి ఫిల్టర్ జల్లెడ మార్చాక 69 వచ్చింది. మీటర్ రీడింగ్ ముందూ తర్వాతా దాదాపు అంతే, 0.88. ఆ ఒక్క సిలిండర్ సంగతి మీటర్ ఎన్నటికీ చెప్పేది కాదు.

ఇగ్నిషన్ టైమింగ్ వేరే రోజు డైనో మీద, నాక్ (పెట్రోల్ అదుపు తప్పి మండే చప్పుడు) వింటూ చేశాను. దానికీ ఈ మీటర్‌కూ సంబంధం లేదు.

మిగిలింది కోల్డ్ స్టార్ట్. ఇక్కడ వైడ్‌బ్యాండ్ మొదట్లో సాయపడదు. సెన్సర్ వేడెక్కేదాకా రీడింగ్ రాదు, దాన్ని తొందరపెట్టకూడదు కూడా. ఇంజిన్ స్టార్ట్ కాకముందే హీటర్ వేసేస్తే, పైపులో చేరిన నీటి చుక్క ఎర్రగా కాలిన సిరామిక్ మీద పడి అది పగులుతుంది. ఈ బండిలో సెన్సర్ హీటర్‌ను ఇంజిన్ తిరగడం మొదలయ్యాకే ఆన్ అయ్యేలా పెట్టాను. సెన్సర్ కొస కిందికి ఉండేలా అడ్డానికి పది డిగ్రీల పైన వంపు ఉందో లేదో చూశాను, ఉంది.

కాబట్టి మొదటి కొన్ని సెకన్లు చెవితో, ఆర్‌పీఎం ఎంత త్వరగా ఎక్కిందో చూసి సరిచేయాలి. ప్రతి ఉదయం ఒక్కసారే అవకాశం. ఓనర్‌కు లాగ్ ఎలా తీయాలో నేర్పి పంపాను. అతను నాలుగు ఉదయాలు లాగ్ పంపాడు, నేను ప్రతిసారీ వార్మప్ ఎన్‌రిచ్‌మెంట్ (చల్లటి ఇంజిన్‌కు అదనంగా పోసే పెట్రోల్) కొంచెం తగ్గించి తిప్పి పంపాను. నాలుగో లాగ్‌లో సెన్సర్ మేల్కొన్నాక కనిపించిన మొదటి అంకె 0.90. కూలెంట్ 70 డిగ్రీలు దాటేసరికి 0.94 దగ్గర నిలబడింది. వెయ్యి కిలోమీటర్లు తిరిగాక బండి తెమ్మన్నాను, ప్లగ్గులు మరోసారి విప్పి చూడాలి.